మాడిన కూర

పని నుంచి వస్తూనే కోడలు పెరట్లో పుట్టగొడుగుల కోసం వేసిన వరిగడ్డి మడి మీద కప్పిన పట్టా ఎత్తి చూసింది. మడి పక్కనున్న చెట్టు మొదలూ చూసి, ఒక్క పరుగున వంటింట్లోకి వచ్చింది. అత్తగారు పొయ్యి దగ్గర తల వంచుకుని నిలబడి ఉంది.

“అత్తయ్యా, పుట్టగొడుగులు కోశారా?”

“కోశానమ్మా. మొదటి కాపు కదా, నువ్వొచ్చేసరికి వండిపెడదామనుకున్నా.”

“చెట్టు కింద తెల్లగా ఉన్నవి కూడానా?”

“అవీ కోశా. మన మడిలోంచే అటు పాకాయనుకున్నా.”

“అయ్యో, అవి మనం వేసినవి కావు. వాటంతటవే మొలిచాయి. విషం అత్తయ్యా అవి! రెండూ కలిపే వండారా?”

“కలిపే వండాను.”

“పిల్ల తిందా?”

“ఇంకా బడి నుంచి రాలేదుగా.”

“మరి మీరు? ఉప్పు చూశారా? నిజం చెప్పండి, ఆసుపత్రికి పోదాం.”

“ఉప్పు చూసే యోగం కూడానా! పక్కింటావిడతో మాటల్లో పడ్డాను. వచ్చి చూస్తే కూరంతా బొగ్గైపోయింది. నువ్వంత కష్టపడి పెంచావు, నీకు ముఖమెలా చూపించాలో తెలియక ఇలా నిలబడ్డా.”

“మొత్తం మాడిపోయిందా?”

“మొత్తం. తిట్టమ్మా, పడతాను.”

“తిట్టడమా! ఉండండి, కాస్త కూర్చోనివ్వండి. ఆ కంగారులో ఇంత మాడు వాసన కూడా నాకు తెలియలేదు చూడండి.”

“ఏడుస్తున్నావా, నవ్వుతున్నావా?”

“రెండూను. రెండో కాపు రానివ్వండి, మొదటి బుట్టెడు పక్కింటావిడకే.”

“ఆవిడకెందుకూ?”

“మిమ్మల్ని అంతసేపు మాటల్లో పెట్టినందుకు.”