నొప్పి అణిగిన పొద్దు

ఏందీ, ఆ నొప్పి ఒక సూది ఏపించుకుంటే పోతాది అంటావా? కూర్చో ఇంతియాజ్, ఈడ కూర్చో. మీ నాయనా ఇంతే, మాత్రలిస్తే వాడు డాక్టరే కాదంటాడు. మన పక్కోళ్లకు పిర్రకు సూది పడితేనే వైద్యం. దేవసహాయమూ అట్లాంటోడే. నీకు తెల్దులే, నువ్వు పుట్టకముందు మాట. ట్రాక్టరు తోలేటోడు. వానిదీ నాదీ ఒకే కంచం. ఎండాకాలంలో గూడా క్రిస్మస్ పాటలు పాడుకుంటా దున్నుతుండె. గొంతు మటుకు గాడిద గొంతే, పాపం.

ఆ పొద్దు కాలవ నీళ్ల వంతు నాది. మధ్యాన్నం నీళ్లొస్తే చీకటి పడేలోపల వాని ట్రాక్టరుతో మడి దమ్ము చేయల్ల, లేకుంటే మళ్లా వారానికే. నారేమో ముదిరిపోతాంది. తెల్లారే వచ్చినాడు దేవసహాయం, ఎడమ భుజం పట్టుకోని. "మౌలా, చెయ్యంతా లాగుతాందిరా, తట్టుకోలేకుండా ఉండా" అని. మొగమంతా చెమట. నా ఆటోలో ఏసుకోని నంద్యాలకు బయల్దేరినా. శిరివెళ్ల కాడ "ముందు ఒక సూది ఏపిచ్చు" అన్యాడు. ఆడ మాకు తెలిసిన ఆరెంపీ డాక్టరు ఉండె. నొప్పి సూది, అదే డైక్లో, ఏసినాడు. అర్ధగంటకు మనిషి లేచి కూర్చోని నవ్వుతాండాడు.

ఆరెంపీ నన్ను బయటికి పిలిచినాడప్పా. "నొప్పి అణిగింది, అంతే. గుండెదేమోనని నాకు అనుమానం. ఆగొద్దు మౌలా సాహెబ్, నేరుగా నంద్యాల పో" అన్యాడు. నాకు చెప్పినాడు, వానికి కాదు. నేనొచ్చేసరికి వాడు ఆటోలో కూర్చోని, "ఇంక నంద్యాల ఎందుకురా, నీ మడికి నీళ్లొస్తాయి, తిప్పు" అనె. ఆరెంపీ మాట వానికి చెప్పలా. సాయంత్రం పోదాంలే అనుకున్యా. మడి కోసరమే ఇంతియాజ్, దాచేదేముంది. తిప్పినా.

దమ్ము సగమయింది. ట్రాక్టరు గట్టెక్కుతాంటే, నిద్రపోతాండావేమిరా అని అరిసినా. స్టీరింగు మీద తల వాల్చుకోని ఉండాడు. నేను బురదలో పడి లేసి పోయేసరికి ఊపిరి లేదు.

వాని పెండ్లాం లూదియా ఉందే, అప్పుడప్పుడు వచ్చి పోతాది. వచ్చినప్పుడల్లా ఒకటే మాట. "అన్నా, ఆ పొద్దు నువ్వు సూది ఏపియ్యకుంటే నొప్పికి గిలగిల కొట్టుకోని పోతుండె. నీ పుణ్యాన నవ్వుకుంటా పోయినాడు" అంటాది. ఇరవై రెండేండ్లు ఇంటాండా ఆ మాట. ఆరెంపీ గూడా పోయె. ఆయన చెప్పింది తెలిసినోన్ని నేనొకన్నే. మొన్న ఆదివారం చెప్పేద్దామని ఎదురుగా కూర్చున్యా. ఆయమ్మ నా మొగం చూసి, "ఏందన్నా, ఏమో చెప్పల్లనుకుంటాండావు" అనె.

టీ తాగి పోమ్మా అన్యా.