ఇంటిపేరు అడిగినందుకు

“అమ్మమ్మా, రేపు పొద్దున డోనా వాళ్ళ ఆఫీసుకు పోవాలె నేను, తెలుగోళ్ళ మాటలు ఇంగ్లీషుల చెప్పనీకి. మొదటిసారి పోయినప్పుడు మీకు భయం గాలేదా?”

భయమా? కూర్చో ముందు. ఆ కుర్చీలో వద్దు, దాని కాలు ఊగుతుంది. మా అల్లుడు బిగిస్తా బిగిస్తా అంటుండగానే ఈ దేశానికి ఇద్దరు ప్రెసిడెంట్లు మారారు. ఇలా నా పక్కకి రా.

నాకు భయం ఏవిటే మౌనికా! నలభై ఏళ్ళు హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పినదాన్ని. లక్షమంది పిల్లలు నా చేతికింద... సర్లే, లక్ష కాదు. మా అమ్మాయి ఉంటే “అమ్మ మాటని పదితో భాగించుకోండి” అంటుంది. భాగించుకో, నాకేం. కానీ ఆ పొద్దున మాత్రం, నిజం చెబుతున్నా, భయపడ్డాను. మొదటిసారి కూడా కాదు, రెండోసారి. మొదటిసారి భయం లేకపోబట్టే కదా కొంప ముంచాను.

అసలు నేనెలా దూరానంటావా అందులో? ఇక్కడ మన షాంటిలీ ఊళ్ళో ముసలివాళ్ళ కోసం సీనియర్ సెంటర్ ఉంది చూడూ, యోగా అని తీసుకెళ్ళి కుర్చీలో కూర్చోబెట్టి చేతులు ఊపిస్తారు, అక్కడ ఒకావిడతో నాకు తొమ్మిది భాషలొచ్చని చెప్పా. ఆ పక్కన డోనా ఉంది. మూడో రోజుకి ఫోన్. ‘మీ తొమ్మిదిలో తెలుగు ఉందా?’ అని. వచ్చినవి తెలుగూ ఇంగ్లీషూ రెండే అని ఏం చెబుతాం, ఉందన్నాను.

ఆ ఆఫీసు సంగతి డోనా నీకు చెప్పే ఉంటుంది. వెనకటికి పెళ్ళికాని ఆడపిల్ల కడుపుతో ఉంటే దాచేసి, కనగానే బిడ్డని తీసేసుకుని, కాగితాలు పుట్టించి దత్తతకి పంపేసేవాళ్ళు. ఈ దేశంలోనూ చేశారు, మన దేశం నించీ పంపారు. ఆ బిడ్డలకిప్పుడు తలలు నెరుస్తున్నాయి. వాళ్ళకి తల్లుల్ని వెతికిపెట్టడం, దొరికినా దొరక్కపోయినా పక్కన కూర్చోవడం, అదీ వాళ్ళ పని. ఎంత గొప్ప ఆఫీసో అనుకున్నా. లైబ్రరీ వెనకాల రెండు గదులు, ఓ కాఫీ మిషను, ఎటు చెయ్యి చాపినా అందేట్టు టిష్యూ డబ్బాలు.

అక్కడ చూశాను రేచెల్‌ని. అది దాని పేరు కాదులే, పేరు చెప్పకూడదు. నలభై ఏళ్ళుంటాయి, పళ్ళ డాక్టరు దగ్గర పని చేస్తుంది. ఆ మొహం చూస్తే... బందరు బస్టాండులో నిలబెడితే ఎవరైనా “ఏమ్మా, అవనిగడ్డ బస్సు వెళ్ళిపోయిందా” అని అడుగుతారు. నోరు తెరిస్తే పెన్సిల్వేనియా! అమ్మ అన్న మాట కూడా రాదు. పెంచినవాళ్ళు బంగారంలాంటి వాళ్ళట, వాళ్ళనేం అనలేదు. దాని దగ్గరో జిరాక్సు కాగితం ఉంది. తల్లి తన ఇష్టంతోనే బిడ్డని వదులుకుంటోందని ఇంగ్లీషులో టైపు కొట్టి, కింద వేలిముద్ర. ఆ ముద్ర మీద తన వేలు పెట్టి చూపించి అంది, “మా అమ్మని నేను ఒక్కటే అడగాలి. నువ్వే ఇచ్చావా, నన్ను తీసుకుపోయారా? ఏది చెప్పినా పరవాలేదు. నాకు తెలియాలి.”

ఏది చెప్పినా పరవాలేదంటూ గోళ్ళు కొరుక్కుంటోంది, నలభై ఏళ్ళ మనిషి.

తల్లిని దొరకపుచ్చుకోవడానికి రెండేళ్ళు పట్టింది. అక్కడ ఇండియాలో సుజాత అని ఓ అమ్మాయి ఇలాంటి వాళ్ళకోసమే పని చేస్తుంది. ఊళ్ళోకి వెళ్ళి ఫలానా ఆవిడ ఎక్కడని అడగలేదు కదా! ఆవిడకి తర్వాత పెళ్ళయింది, కొడుకులు, కోడళ్ళు. ఈ బిడ్డ సంగతి ఒక్కరికీ తెలీదు. తెలిసిందా, ఆ వయసులో ఆవిడని వీధిలో నిలబెడతారు. అందుకని సుజాత కంటి పరీక్షల క్యాంపువాళ్ళతో కలిసి వెళ్ళి, చూపు చూసే వంకన ఆవిడ చెవిలో చెప్పింది. ఆవిడ మూడు నెలలు పలకలేదు. తర్వాత తనే వచ్చి మాట్లాడతానంది. కళ్ళ డాక్టరుకి చూపించుకోవాలని ఇంట్లో చెప్పి టౌనుకి రావడం, సుజాత ఫోన్ నించి మాతో మాట్లాడటం, అదీ ఏర్పాటు.

డోనా నన్ను కూర్చోబెట్టి చెప్పింది. “మీరు గరాటు లాంటివాళ్ళు. పైన ఏం పోస్తే కింద అదే రావాలి. ఆమె ‘నేను’ అంటే మీరూ ‘నేను’ అనాలి. మీ మాట ఒక్కటీ ఉండకూడదు.” గరాటు అనలేదులే, పైపు అంది, గరాటు నేను అనుకున్నా. తాలింపు లేని పప్పు ఎవరు తింటారమ్మా అని మనసులో నవ్వుకున్నా కూడా.

పొద్దున ఏడు మనకి, వాళ్ళకి సాయంత్రం నాలుగున్నర. వీడియో కలిసింది. మొహం లేదు. ఫోను పైకి తిప్పి పెట్టారు, ఫ్యాను తిరుగుతోంది, ఓ పక్కన రెండు చేతులు. ఒక చెయ్యి ఇంకో చేతి గాజుని తిప్పుతూనే ఉంది. మాట లేదు. నిమిషం అయింది. రెండు నిమిషాలు. ఒట్టు, గంటలా ఉంది నాకు.

నువ్వే చెప్పు, అలాంటప్పుడు మనవాళ్ళం ఏం చేస్తాం? మా మేనత్త విజయవాడలో రైలెక్కితే తెనాలి దాటేలోపు పెట్టెలో అందరి ఇంటిపేర్లూ చెప్పించేది, ఒంగోలు వచ్చేసరికి రెండు సంబంధాలు కుదిర్చేది. ముప్పావలా టిక్కెట్టు రోజులవి. ఎదటి మనిషి బిగుసుకుపోతే ఊరూ పేరూ అడిగి వదులు చెయ్యడమే మాకు తెలుసు. ఆ అలవాటే నా నోట్లోంచి వచ్చేసింది.

“ఏ ఊరమ్మా మీది? ఇంటిపేరేవిటి? మీ జిల్లాలో సగం మంది మా చుట్టాలే!”

ఏం సగం మంది! ఒక్క పురుగు లేదు నాకా జిల్లాలో. ఫైల్లో జిల్లా పేరు చూసి అన్నా, అంతే.

గాజు తిప్పే చెయ్యి ఆగిపోయింది. ఫ్యాను ఒక్కసారి అటూ ఇటూ ఊగి, అంతా నల్లగా అయిపోయింది.

రేచెల్ నావైపు తిరిగి, “ఏమంది?” అంది. ఏమీ అనలేదన్నా. “మరి మీరేమన్నారు?” అంది.

చెప్పాలి కదా. చెప్పాను. దానికి అర్థం కాలేదు, ఇంటిపేరు అడిగితే భయమేవిటని. డోనాకీ కాలేదు. నాకే అయింది. ఇంటిపేరు చెప్పిందంటే పుట్టిల్లు, అత్తిల్లు, కులం, వీధి, అన్నీ నా చేతికి ఇచ్చేసినట్టే. పైగా సగం మంది నా చుట్టాలంటిని! ఆవిడ దృష్టిలో నేను అమెరికాలో కూర్చున్న ఆవిడ ఆడపడుచుని.

ఆవిడ మళ్ళీ రాలేదు. సుజాత ఆవిడకి ఫోన్ చేస్తే స్విచాఫ్. వారం. రెండు వారాలు. ఇంటికి వెళ్ళి చూడమంటే సుజాత వెళ్ళనంది. “వెళ్తే ఉన్న కాస్త గుట్టూ పోతుందండీ” అంది. నాకు అన్నం దిగలేదు, నిజంగా దిగలేదు. ఏదేదో తోచేది. కొడుకు ఫోను చూశాడేమో. మొగుడు కొట్టాడేమో. పొలానికి కొట్టే మందు ఇంట్లో ఉంటుంది కదా... పేపర్లో ఆ జిల్లా పేజీ తెరిచి, ఆడమనిషి అని కనిపిస్తే కళ్ళు మూసుకుని, మళ్ళీ తెరిచి వయసు చూసేదాన్ని. మా అమ్మాయి “ఏమైందమ్మా” అంటే గ్యాసు అన్నాను. రేచెల్ మాత్రం నన్నొక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది! రోజూ డోనాకి ఒకే మెసేజి పెట్టేదట, ‘ఏమైనా తెలిసిందా’ అని.

ఇరవయ్యో రోజున డోనా దగ్గరికి వెళ్ళా. నన్ను తీసెయ్యి, ఇంకెవరినైనా పెట్టుకో, కానీ ముందు నా గొంతు రికార్డు చేసి సుజాతకి పంపు, ఎప్పుడైనా ఆవిడ ఎదురైతే వినిపించమను అన్నా. ఏం చెబుతారో ముందు రాసి చూపించమంది డోనా. నాలుగుసార్లు కొట్టేయించింది. చివరికి మిగిలింది ఇదీ. “నేను అబద్ధం ఆడానమ్మా. మీ జిల్లాలో నాకెవరూ లేరు. నాది కృష్ణా జిల్లా. నా పేరు ఇది, ఇంటిపేరు ఇది, మా అమ్మాయి ఇంటి అడ్రసు ఇది. నా సంగతులు మీ దగ్గర ఉంచుకోండి. మీవి నాకు చెప్పక్కర్లేదు.” అడ్రసు వద్దని గోల పెట్టింది డోనా. ఆవిడ దగ్గర నాదంటూ ఏదో ఒకటి ఉండాలి, లేకపోతే నన్నెందుకు నమ్ముతుందే?

నెల దాటాక కదిలింది. మందులు అయిపోయాయని ఆవిడే టౌనుకి వచ్చి, సుజాతని చూసి వెనక్కి తిరగబోయి, ఆగిందట. రికార్డు విందట. రెండుసార్లు వేయించుకుని విందట. “ఆవిడే ఉండాలి, కొత్తవాళ్ళు వద్దు” అందట. కొత్తవాళ్ళంటే ఇంకో మనిషికి తెలుస్తుందని.

ఇదీ రెండోసారి. భయపడ్డానని చెప్పానే, అప్పుడు. నోట్లో నాలుక ఉందంటేనే భయం వేసింది నాకు. అది ఎటు తిరుగుతుందో అని.

ఈసారి ఫ్యాను కూడా లేదు, మాట ఒక్కటే. సన్నగా, గొంతులో జీర. రేచెల్ అడిగింది, నేను అడిగాను, దాని మాట దానిగానే. “నువ్వే ఇచ్చావా, నన్ను తీసుకుపోయారా?”

“నేను ఇవ్వలేదు. పాలు తాగి పడుకున్నావు. పక్క గదిలోకి రమ్మని వేలిముద్ర వెయ్యమన్నారు. ఆస్పత్రి కాగితం అన్నారు. మా అమ్మే చెయ్యి పట్టుకుని వేయించింది. వచ్చేసరికి పక్క ఖాళీ. పోయావన్నారు. చూపించమని ఏడ్చాను, చూపించలేదు.”

నేను ‘ఐ’ అనాలి కదా తల్లీ. దాని కళ్ళలోకి చూస్తూ, నేను నిన్ను ఇవ్వలేదు అని నా నోటితో ఇంగ్లీషులో అనాలి. నేను దాన్ని కన్నానా, పెంచానా? అయినా ఒక్క ముక్క వదలకుండా అన్నాను.

తర్వాత ఆవిడ అంది, “నా కొడుకులకి తెలీదు. రావద్దు. మీరు ఫోను చెయ్యొద్దు. వీలైతే నేను చేస్తాను.” పెట్టేసింది.

అంతా చెప్పాను. రేచెల్ ఇంకా నా మొహమే చూస్తోంది. “ఇంకేమైనా అందా? చివర్లో? ఏదైనా?” అంది.

ఒక్క మాట, మౌనికా. ‘నిన్ను రోజూ తలుచుకుంటాను’ అని ఒక్క మాట చేరిస్తే ఎవరికి తెలుస్తుంది? ఆ గదిలో తెలుగు వచ్చినదాన్ని నేనొక్కదాన్నే. నాలుక చివర దాకా వచ్చింది. దాహంతో ఉన్నదానికి నీళ్ళు ఇవ్వకపోవడంలా ఉంది. “లేదు. అంతే అంది” అన్నాను.

రేచెల్ ఓ టిష్యూ తీసి, వాడకుండా మడత పెట్టింది. మెల్లగా అంది, “తియ్యగా ఏదైనా కలుపుతారేమోనని చూశాను. కలపలేదు. అయితే నన్ను ఇవ్వలేదన్నది ఆమె మాటే.”

ఆ జిరాక్సు కాగితం చింపుతుందనుకున్నా. చింపలేదు. బ్యాగులో పెట్టుకుంది. చింపేది తను కాదంది, అది అబద్ధమని సర్కారు కాగితాల్లో ఎక్కడో రాయించాలట. దానికి డోనా సాయం చేస్తోంది.

ఆవిడ నించి మళ్ళీ ఫోను లేదు. నాలుగు నెలలైంది. ఫోను మోగితే మా అల్లుడి కంటే ముందు నేను లేస్తాను, ఈ మోకాళ్ళతోటి. పేపర్లో ఆ పేజీ ఇప్పటికీ చూస్తాను. చూడకుండా ఉండలేను.

రేపు నీ ముందు ఎవరు కూర్చుంటారో, అటు ఫోనులో ఎవరుంటారో నాకు తెలీదు. ఏ ఊరని అడక్కు. అక్కా అను, అమ్మా అను, ఆగిపో. వాళ్ళు పలికేదాకా ఆగు, గంటైనా ఆగు. నీ భయం పోవాలని మాత్రం దీవించనే, ఉండనీ కొంచెం. నీ నోట ఏ తల్లి మాటా వంకర పోకూడదు, ఏ తల్లికీ నీవల్ల ముప్పు రాకూడదు. చల్లగా ఉండు తల్లీ. ఏడింటికి కదూ... నేను లేచే ఉంటాను. అయ్యాక ఫోన్ చెయ్యి. ఏం మాట్లాడారో చెప్పొద్దు. అయిందని చెప్పు, చాలు...