సత్తిబాబు జేబులో ఫ్యూజులు

"తాతా, నిన్న పొద్దల్లా చర్చి వెనకగదిలో కూర్చున్నావంట. కరెంటు పేనల్ లోపలి సామాను మారుస్తుంటే నీకక్కడ ఏం పని?"

ఏటే, అప్పుడే నీదాకా వచ్చీసినాదా? మీయమ్మ సెప్పుంటాది. దానికి నోట్లో నువ్వుగింజ నానదు. పనేటుంటాదే నాకు? కళ్ళా సరిగ్గా ఆనవు, సెయ్యా వణుకుతాది. ఊరికే కూకున్నాను. దువ్వాడ నుంచి వన్‌టౌన్‌కి రెండాటోలు మారి ఎల్లి మరీ ఊరికే కూకున్నాడంట అని నవ్వుతావు కదా. నవ్వు, నవ్వు. ముందు ఇలగ దగ్గరికొచ్చి కూకో, గట్టిగా మాటాడితే నాకు దగ్గొత్తాది.

ఆ కుర్రోళ్ళు మంచోళ్ళే, వంక పెట్టను. మెయిను స్విచ్చి ఆపీసి, దానికి తాళమేసి, తాళంసెవి జేబులో ఎట్టుకుని మరీ పనిలో దిగేరు. ఎవుడూ ముట్టకూడదని రాసి ఎర్ర సీటీ కూడా ఒకటి ఏలాడదీసేరు. లోపల ఇప్పుడన్నీ తెల్లటి బుల్లి స్విచ్చులే, టిక్కుమని ఎత్తితే లెగుత్తాది, దించితే పడుతాది. ఇనపెట్టి మాత్రం అదే. గోడలో పాతీసినారు కదా, అది పీకితే గోడొచ్చీసేలా ఉంది, అందుకని పెట్టి ఒగ్గీసి లోపలిది మాత్రం మార్చేరు. ఆ పెట్టికి కడుపు సుబ్రం సెయ్యడం ఇది రెండోసారి. మొదటిసారి సేసింది మేమే, నానూ మీ తాతా. నీ సొంత తాత, మీయమ్మకి నాన్న. సత్తిబాబు.

నువ్వు ఆడిని ముసిలాడయ్యాకే సూసేవు. నాను సూసినప్పుడు ఈతపుల్లలా ఉండీవోడు. ఉక్కు ఫేక్టరీ కడతన్నారంటే గోదావరి నుంచి పనికొచ్చి, వన్‌టౌన్లో మా పక్క గదిలో అద్దెకి దిగేడు. ఆడు సత్యనారాయణ వ్రతాలోడు, మేం కిరస్తానీలం. ఏ సుట్టరికమూ నేదు. వచ్చిన మర్నాడే "ఏం బావా, ఇక్కడ కాఫీ ఎక్కడ బాగుంటాదండీ" అన్నాడు. బావా అంటాడు, మళ్ళీ అండీ అంటాడు, మాటకో ఆయ్ కూడాను! నానూ బావా అన్నాను. మా గ్రేసమ్మని, అదే మా ఆవిడని, సెల్లెమ్మా అన్నాడు. ఇంకేటుంది, ఆ రోజునుంచి సుట్టాలమైపోనాం. ఇద్దరం ఒకే మేస్త్రీ కాడ కరెంటు పని నేర్సుకున్నాం. గ్రేసమ్మ సేపల పులుసు ఎడితే గిన్నె నాకీవోడు, మళ్ళీ మా గోదారి పులస ముందు ఇదేం రుచండీ అనీవోడు. తినీసి మరీ ఎటకారం! అప్పుడు రూపాయి పెడితే ఇంటిల్లిపాదికీ సేపలొచ్చీవి... రూపాయా, రెండో... ఏదోలే.

ఆఁ, పేనలు. అప్పుడా పెట్టి తలుపు తీత్తే లోపల్నించి వాసనొచ్చీసేది. హార్బరు దగ్గర కదా, ఉప్పు గాలికి రాగి పట్టీలు పచ్చగా సిలుమెక్కిపోనాయి. దానిమీద పోర్టు ఎర్ర దుమ్ము. పట్టీలు బిగించిన సెక్కంతా మాడిపోయి ఉంది. దీపాలు ఎలుగుతా ఎలుగుతా ఆరిపోయీవి, పాస్టరుగారు వాక్యం సెప్తాంటే లోపల సర్రుమని సప్పుడు. ఎప్పుడంటుకుంటాదో తెలీదు. సరే, లోపలంతా పీకీసి కొత్తది ఎయ్యండని మాకు సెప్పేరు. అదే రోజు సందేళ చర్చిలో ఒక పెళ్ళుంది. మద్దేన్నానికి అయిపోద్ది కదా అని ఒప్పీసుకున్నాం.

మా పనిలో ఒక నీమం ఉండేది. ఇప్పుడు తాళాలు ఎడుతున్నారు గానీ అప్పుడు తాళాలెక్కడివి? మీటరు కాడ అరసెయ్యంత పింగాణీ ఫ్యూజులు మూడుండేవి. అవి పీకితేనే కరెంటు ఆగుతాది, పీకినోడు తన జేబులోనే ఎట్టుకోవాల. పనయ్యాక ఆడి సేత్తోనే ఎట్టాల, ఇంకోడు ముట్టకూడదు. మాకు పని నేర్పిన మేస్త్రీ తమ్ముడు అలగే పోనాడులే. ఆడు లోపల సెయ్యి ఎట్టి ఉన్నాడు, ఎవుడో ఫేను తిరగడం నేదని బయట ఫ్యూజు ఎట్టీసేడు. అంతే. ఆ మనిసిని నా కళ్ళతో సూసేను. అందుకని మేమిద్దరం ఆ నీమం ఎప్పుడూ తప్పలేదు. ఆ రోజు ఫ్యూజులు పీకింది మీ తాత. సొక్కా జేబు బరువుకి కిందికి జారిపోయి ఉంటే, ఏటి బావా జాంకాయలా అని ఏడిపించేను కూడాను.

ఆడికింకో దరిద్రపలవాటు ఉండేది. చర్చిలో పనంటే గుమ్మం బయటే సెప్పులు ఇప్పీసీవోడు. ఒరే, కరెంటు పని, కాలికి రబ్బరు సెప్పుండాల అని ఎంత మొత్తుకున్నా ఇనడు. "ఆయ్, దేవుడిల్లు కదండీ, ఏ దేవుడైతే ఏంటి, కాలికి చెప్పులేంటండీ" అనీవోడు. ఏం సేత్తాం.

మద్దేన్నానికి కొత్త సామాను బిగించీసేం. తీగ కొసలకి ఏసే లగ్గులు తక్కువయ్యేయి. మెయిన్రోడ్డు మీద కొట్టుకెల్లి నాను తెచ్చేను. వచ్చేసరికి బావ నేడు. సెప్పులున్నాయి గుమ్మం కాడ. సరే, లోపలెక్కడో ఉంటాడు కదా. ఆ పేనల్నించి తీగలు చర్చికి ఎల్తాయి, పాస్టరుగారింటికి ఎల్తాయి, వెనక బడికి ఎల్తాయి. బడి అటక మీద ఎక్కడో తీగ సూత్తన్నాడు అనుకుని నా పని నాను సేసుకున్నాను. గంటయ్యింది. కేకేసేను. పలకడు. ఇంకో గంట. మళ్ళీ కేకేసేను, నేడు.  అటక ఎక్కేను, సీకటి, సన్న సందు. ఆ సందులో పాక్కుంటూ పోడం ఆడికే సేతనయ్యేది, నాను పట్టను. బావా, బావా అని అరిసేను. పావురాలెగిరేయి అంతే.

సెప్పుల్లేకుండా మనిసి బయటికెల్తాడేటి? నువ్వే సెప్పు. ఎండకి రోడ్డు పెనంలా కాలిపోతన్నాది. సెప్పులిక్కడున్నాయంటే మనిసిక్కడే ఉన్నాడు. ఏ తీగ పట్టుకుని సొమ్మసిల్లిపోనాడో!

ఈలోగా పెళ్ళోళ్ళొచ్చీసేరు. పందిరేసేరు, మైకెట్టేరు, కరెంటు నేదు. పెళ్ళికూతురు తండ్రి పోర్టులో పెద్ద మేస్త్రీ, మనిసి కూడా పెద్దే, నాకు రెండింతలు. పనైపోనాదా అన్నాడు. అయిపోనాదండీ అన్నాను. మరి ఎయ్యి కరెంటు అన్నాడు. ఫ్యూజులు మా బావ జేబులో ఉన్నాయండీ, మా బావ కనబడడం నేదండీ అన్నాను. ఆయనకి ఒల్లు మండిపోనాది. ఎవుడో కుర్రోడిని తీసుకొచ్చేడు, ఆడు రాగితీగ సుట్ట పట్టుకొచ్చి "ఫ్యూజులెందుకు, డైరెక్టు ఇచ్చీగల్ను" అన్నాడు. ఇచ్చీగలడు, అబద్ధం కాదు. రెండు నిమసాల పని.

నానెల్లి మీటరుకి ఈపు ఆనించి నిలబడిపోనాను. నా సొక్కా పట్టుకుని లాగేరే! నీ బావ ఏ కల్లుపాకలోనో ఉంటాడురా అన్నారు. నాకు ఏడుపొచ్చీసింది. ఎక్కెక్కి ఏడిసేను, పాతికేళ్ళ మగోడిని, అందరి ముందూ. "బాబూ, ఆడి పెళ్ళాం నిండు నెలలతో ఉంది. ఆడు తీగ మీదున్నాడేమో బాబూ, నన్ను సంపీసి ఇచ్చుకోండి కరెంటు" అన్నాను. అప్పుడు పెళ్ళికూతురే, ఆ తల్లి, తెల్లచీరతో వచ్చి, "నాన్నా ఒగ్గీ, కొవ్వొత్తులు ఎలిగించండి. నా పెళ్ళికి ఎవుడి పేనమూ పోనక్కర్లేదు" అన్నాది. అప్పుడు ఒగ్గేరు నా సొక్కా.

కొవ్వొత్తుల ఎలుగులో పెళ్ళి మొదలయ్యింది. ఎంత బావుందో! నాను మాత్రం మీటరు కాడే ఉన్నాను. పాస్టరుగారు పెళ్ళికొడుకుని ప్రమాణం అడుగుతన్నారు, ఇంతలో గేటు కాడ్నించి కేక. "బావోయ్! ఆడపిల్లండీ! ఆడపిల్ల!" సూద్దును కదా, మీ తాత! ఉత్తకాళ్ళతో, సెమటలు కక్కుకుంటా, జేబు పట్టుకుని పరిగెత్తుకొత్తన్నాడు. ఆ పరుగు పరుగు తిన్నగా చర్చిలోకే ఎల్లిపోనాడు. జనమంతా ఎనక్కి తిరిగీసేరు. పెళ్ళికూతురు ఫక్కున నవ్వీసింది, ఇంక అందరూ నవ్వే. పాస్టరుగారు ప్రమాణం ఆపి, "ముందు ఆ పసిదానికోసం ప్రార్థన చేద్దాం" అన్నారు. పెళ్ళికొడుకు నోరు తెరిసినోడు తెరిసినట్టే నిలబడిపోనాడు, పాపం.

ఆ పసిదే మీయమ్మ.

లగ్గులకని నాను అటెల్లిన కాసేపటికే నెప్పులొచ్చేయని ఎవుడో సైకిలు మీద కబురు తెచ్చేడంట. సెప్పులు కూడా ఏసుకోకుండా మీ తాత ఆడి సైకిలెక్కి పెద్దాసుపత్రికి ఉరికేడు. నాతో సెప్పమని గేటు కాడ పూలమ్మే ఆవిడకి సెప్పే ఎల్లేడంట. ఆవిడ దండలిచ్చీసి ఇంటికెల్లిపోనాది. బేగి వచ్చీద్దామనుకున్నాడు, కానుపు కట్టమయ్యింది.

నాను ఆడి కాలరు పట్టుకున్నాను. నాకు కోపం ఆగలేదే. "ఒరే, సచ్చిపోనావనుకున్నాను కదరా! ఆ ఫ్యూజులు పాస్టరుగారి సేతిలో ఎట్టి ఎల్లొచ్చు కదా, కంగార్లో మర్సిపోనావా" అన్నాను. మర్సిపోలేదు బావా అన్నాడు. నిదానంగా, ఊపిరి తీసుకుని సెప్పేడు. "పెళ్ళోళ్ళు కంగారు మనుషులండీ. నువ్వొచ్చి లోపల చెయ్యి పెడతావు. ఎవరికిచ్చినా ఎవడో ఒకడు పెట్టేస్తాడు. నా జేబులో ఉంటే నీకేం కాదని తీసుకుపోయానండీ. ఆసుపత్రిలో కూడా జేబు మీంచి చెయ్యి తియ్యలేదు బావా."

పెళ్ళాం లోపల గావుకేకలేత్తంది. తల్లో పిల్లో దక్కుతారో నేదో తెలీదు. అప్పుడు కూడా ఒక సెయ్యి జేబు మీద ఎట్టుకుని నిలబడ్డాడంట, నా గురించి. నా తోడబుట్టినోళ్ళు నలుగురున్నారు, వాళ్ళని తప్పు పట్టను గానీ... కాలరు ఒగ్గీసి ఆడిని కావలించుకున్నాను. ఆడి సేత్తోనే ఎట్టేడు మూడు ఫ్యూజులూ. దీపాలొచ్చేయి.

ఆడు పోయేక నాకు పేనల్ తలుపు తెరిసుంటే భయమేత్తాదే. ఎవుడి సెయ్యి లోపలున్నా భయమే. అందుకే ఎల్లి కూకున్నాను, ఇంకేటి నేదు.

ఏడవడం నేదే, కంటి ఆపరేసనయ్యేక ఇంతే, నీరు కారతాది. ఇదిగో, నా సెయ్యి నీ నెత్తి మీద ఎట్టనీ. సదువుకో, ఉద్యోగం సెయ్యి, సల్లగా నూరేళ్ళుండు. నీకు కట్టమొచ్చిన రోజున కూడా నిన్ను మర్సిపోని మనిసి ఒక్కడు దొరకాలమ్మా. ఒక్కడు సాలు. నాకు దొరికేడు... ఆయ్ అనీవోడు, మాటకి ముందొకటి, ఎనకొకటి...