ప్రమోద లేకుండా

1985 వేసవి. స్నేహితురాలు ప్రమోదతో కలిసి ఆఫ్రికాలో లారీలను లిఫ్ట్ అడుగుతూ తిరిగిన కూతురు, అమెరికాలో, ఎడిసన్‌లోని ఇంట్లో అమ్మ కలిపిచ్చిన పెరుగన్నం ముందు కూర్చుంది.

“తినవేమే?”

“బోట్స్వానా రోడ్డుమీద ఒక రోజంతా ఎండలో నిలబడ్డామమ్మా. ఎవరూ ఆపలేదు. నీళ్ళు అయిపోయాయి. ప్రమోదకి మలేరియా వచ్చింది.”

“అయ్యో! ఇప్పుడెలా ఉంది?”

“అక్కడే హాస్పిటల్‌లో ఉంది.”

“ఒక్కదాన్నే వదిలేసి వచ్చావా?”

“తనే వెళ్ళమంది. నేను ఉంటానని ఒక్కసారి కూడా అనలేదమ్మా. భయమేసింది.”

“వాళ్ళమ్మకి తెలుసా?”

“ఎలా చెప్పను?”

“నంబర్ నేను డయల్ చేస్తా. మాట్లాడేది నువ్వే.”

కూతురు చెయ్యి కడుక్కుని ఫోన్ అందుకుంది. “ఆంటీ, నేను...”

అవతలి గొంతు సంతోషంతో పొంగింది.

“వచ్చేశారా తల్లీ, ఇద్దరూ?”