థర్మన్‌కు మిగిలిన కిడ్నీ

సభకు పెద్దగా కూర్చున్న మిల్లు మేనేజరు విట్‌ఫీల్డ్ గారికి, ప్రార్థన చేసి మనందరి ఆకలినీ ఇంకో పావుగంట పొడిగించిన పాస్టరు గారికి, రంపాల షెడ్డు నుంచీ మొద్దుల యార్డు నుంచీ తలలు దువ్వుకుని మరీ వచ్చిన అన్నదమ్ములకూ, వంటలు మోసుకొచ్చిన అక్కచెల్లెళ్ళకూ మీ నర్సు ఒడెస్సా నమస్కారాలు. ఇరవై తొమ్మిదేళ్ళు మీ అందరి రక్తపోటూ చూశాను. రిటైరయ్యే ఈ పూట నాది మాత్రం ఎవరూ చూడొద్దు. (నవ్వులు)

విట్‌ఫీల్డ్ గారు ఇందాక నన్ను మిల్లుకు తల్లిలాంటిదన్నారు. అయ్యా, చాలా సంతోషం. కానీ పన్నెండేళ్ళ కిందట ఇదే నోటితో "ఆ నర్సమ్మ నా ప్రాణం తోడేస్తోంది" అన్నారని మీ గుమాస్తా అమ్మాయే నాకు చెప్పింది. ఆ తోడిన సంగతే ఇవాళ చెబుతాను. నా ఉద్యోగం మొత్తంలో నేను గర్వంగా చెప్పుకోదగ్గది అదొక్కటే.

మూడో వరుసలో భార్య లర్లీన్ పక్కన కూర్చున్నాడే, పెద్ద రంపం నడిపే థర్మన్ బాయ్‌కిన్, అతనికి మొదటిసారి కిడ్నీలో రాయి వచ్చి పదిహేడేళ్ళు. ఆరడుగుల మనిషి నా గది నేల మీద ముడుచుకుపోయి, "నర్సమ్మా, నేను పోతున్నా. చేపల పడవ మా తమ్ముడికి ఇచ్చెయ్యమని లర్లీన్‌తో చెప్పు" అన్నాడు. రాయి పడిపోయిన మర్నాడు అడిగితే, "పడవా? ఏ పడవ?" అన్నాడు. (నవ్వులు) డాక్టరు గారు చెప్పింది ఒక్కటే మాట, ద్రవాలు బాగా తాగాలని. దాని మీద కన్నేసి ఉంచే పని నాది. నెలనెలా వచ్చేవాడు. "బాగా తాగుతున్నావా?" అనేదాన్ని. "రోజుకో గ్యాలను నర్సమ్మా, దేవుడి మీద ఒట్టు!" అనేవాడు. కాగితం మీద టిక్కు పెట్టేదాన్ని. నాలుగేళ్ళు టిక్కులు పడుతూనే ఉన్నాయి, రాళ్ళు వస్తూనే ఉన్నాయి. ఐదో ఏడు ఒక రాయి పెద్దగా నొప్పి కూడా చెప్పకుండా దారి మూసేసి కూర్చుంది. తెలిసేసరికి ఎడమ కిడ్నీ పాడైపోయింది. తీసేశారు.

ఆసుపత్రి నుంచి వచ్చాక ఒక ఆదివారం చూడ్డానికి వెళ్ళాను. లర్లీన్ భోజనానికి కూర్చోబెట్టి, ఎంతో మర్యాద చేసి, జగ్గు తెచ్చి పెట్టింది. "కాస్త నీళ్ళు కూడా ఇవ్వమ్మా, మాత్ర వేసుకోవాలి" అన్నాను. ఇంటిల్లిపాదీ నన్ను వింతగా చూశారు. "నీళ్ళెందుకు నర్సమ్మా?" అన్నాడు థర్మన్. "నీళ్ళు కుక్కకీ, ట్రక్కు రేడియేటరుకీ. మనుషులు టీ తాగుతారు."

రోజుకో గ్యాలను! ఐసు వేసిన తీపి టీ! మన కరోలినాలో తాగడమంటే అదేనని నాకు తెలియదా? నేను మాత్రం ఎక్కడ పుట్టాను? పాలసీసా వదిలి పట్టుకున్నది టీ గ్లాసునే. టీ ఆకులో ఆక్సలేటు ఉంటుంది, రాయి కట్టుకోవడానికి అదే ముడిసరుకు. దానికి తోడు చారెడు చారెడు చక్కెర. నాలుగేళ్ళూ ఎంత తాగుతున్నావని అడిగాను గానీ, ఏం తాగుతున్నావని ఒక్కసారీ అడగలేదు. (మూడో వరుస వైపు తిరిగి) థర్మన్, ఈ మాట నీతో ఎప్పుడూ అనలేదు. నీ కిడ్నీ పోవడంలో నా చెయ్యి ఉంది. నన్ను క్షమించు.

ఏమిటీ? గట్టిగా చెప్పవయ్యా, వినపడలేదు... విన్నారా? "తెలుసులే నర్సమ్మా, నువ్వు ఆ టిక్కులు పెట్టేటప్పుడు రెండో చేతిలో నీదీ టీ గ్లాసే" అంటున్నాడు! (పెద్దగా నవ్వులు, చప్పట్లు) పన్నెండేళ్ళుగా గుండెల మీద మోస్తున్న బరువును ఒక్క మాటతో దించేశాడు, దొంగ సచ్చినోడు. ఉండండి, కళ్ళజోడు తుడుచుకోనివ్వండి.

సరే, మిగిలింది ఒక్కటే కిడ్నీ. దానికీ రాయి అడ్డం పడితే ఆ మనిషి బతుకంతా రక్తం కడిగే మిషను పక్కనే. ఈ మాట లర్లీన్‌కు చెబితే ఇంతెత్తున లేచింది. "నా చేతి టీ నా మొగుడి కిడ్నీ తినేసిందంటావా? మా అమ్మ నేర్పిన టీ అది!" అని తలుపు మూసేసింది. మూడు నెలలు చర్చిలో నా ముఖం చూడలేదు. తర్వాత తనే వచ్చి, "చెప్పు తల్లీ, ఏం చెయ్యమంటావు?" అని కూర్చుంది. చక్కెర లేకుండా నీళ్ళలో నిమ్మకాయ పిండమన్నాను. ఉప్పులో ఊరేసిన పందిమాంసం రోజూ కాదు, పండక్కి అన్నాను. ట్రక్కు సీటు మీది ఉప్పు పల్లీల సంచీ నేనే పారేశాను. రాయిలో సున్నం ఉంటుందని పాలు మజ్జిగ మాన్పించేసిందట పిచ్చిది! భోజనంతో పాటు మజ్జిగ తాగితే ఆక్సలేటు కడుపులోనే ఆ సున్నానికి చిక్కి బయటికి పోతుందని చెప్పాను. థర్మన్ మేనత్త మొక్కజొన్న పీచు కషాయం తెస్తే, తాగనివ్వమన్నాను, ఆ వంకనైనా నీళ్ళు లోపలికి పోతాయి కదా. విటమిన్ సి మాత్రలు గుప్పెళ్ళతో మింగమన్న బావమరిదిని మాత్రం గుమ్మం దాకా తరిమాను, అవి రాయికి ఇంకాస్త మేత. నొప్పితో పాటు జ్వరం వచ్చిందా, నిమ్మకాయ వెతుక్కుంటూ కూర్చోక ఆసుపత్రికి పరుగెత్తమన్నాను.

ఇంతా చేస్తే మిల్లులో మనవాడు చుక్క నీళ్ళు ముట్టడు! ఎందుకయ్యా అంటే, "తాగితే పోయొద్దా నర్సమ్మా? రంపం ఆపితే ఫోర్‌మన్ ఊరుకుంటాడా?" అన్నాడు. అడిగితే తేలిందేమిటంటే, ఈ కరోలినా ఆగస్టు ఎండలో, ఆ రేకుల షెడ్డు కింద, నలభైమందీ అదే భయంతో గొంతులెండబెట్టుకుంటున్నారు. ఏడుసార్లు వెళ్ళాను విట్‌ఫీల్డ్ గారి గదికి. "బాత్రూము కోసం మిల్లు ఆపమంటావా?" అని ఆయన. "ఆపొద్దు బాబూ, గంటకోసారి వాళ్ళ బదులు కాసేపు నిలబడే మార్పు మనిషిని పంపండి" అని నేను. ఏడోసారి మాటలు కట్టిపెట్టి, థర్మన్ పట్టి ఇచ్చిన మూత్రం సీసా తీసుకెళ్ళి ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాను. ఆయన సీసా చూశారు. గ్లాసు చూశారు. రెండూ ఒకటే రంగు. (నవ్వులు, చాలాసేపు) ఆ వారంలోనే మార్పు మనిషి వచ్చాడు, షెడ్డులో నిమ్మచెక్కలు వేసిన చల్లనీళ్ళ డ్రములు వచ్చాయి. మంచి పని చేశారయ్యా, పదిమందిలో ఒప్పుకుంటున్నాను.

పన్నెండు వేసవులు గడిచాయి. మొన్న మంగళవారం థర్మన్‌కు మళ్ళీ స్కాను తీశారు. లర్లీన్ ఫోన్ చేసి ఒకటే ఏడుపు. "ఏమైందే?" అంటే, "ఏమీ లేదట వదినా! ఇసుక రేణువు కూడా లేదట!" అంది. గెలిచాం! ఇంక నన్ను ఇంటికి పంపినా నాకు దిగుల్లేదు. (చప్పట్లు)

ఈ శాలువాకూ, జ్ఞాపికకూ, మీ అభిమానానికీ పేరుపేరునా కృతజ్ఞతలు. ఒక్క మాట చెప్పి ముగిస్తాను. నేను మైకు పట్టుకున్నప్పటి నుంచి లెక్కపెడుతున్నాను, రంపాల షెడ్డు వాళ్ళు తొమ్మిదిమంది మధ్యలో లేచి బాత్రూముకు వెళ్ళొచ్చారు. ఒక్కడూ ఎవరి వైపూ భయంగా చూడలేదు. ఇంతకంటే సన్మానం నాకేం కావాలి? థర్మన్, ఐదు నిమిషాలుగా కుర్చీలో తెగ మెలికలు తిరుగుతున్నావు. నా ఉపన్యాసానికి మర్యాద చేస్తూ కూర్చోకు, లే నాయనా, వెళ్ళు. అదిగో, వెళ్తున్నాడు! అందరూ లేచి చప్పట్లు కొట్టండి!

సెలవు.