పేరుకు ముందు శ్రీ

గుజరాత్ భూకంపం వచ్చి ఏడాదైంది. అక్కడొక పల్లెలో మళ్లీ కట్టిన బడికి తమ బడి తరఫున పంపాల్సిన నల్లరాయిని చూసుకుందామని కుప్పం గ్రానైట్ షెడ్డుకొచ్చిన టీచరమ్మ, దాని మీద ఇంగ్లీషులో చెక్కిన పేర్లు చదివి నిలబడిపోయింది.

"ఇదేందప్పా, అన్ని పేర్లకీ శ్రీ, శ్రీమతి అని పెట్టుండావు?"

"మీరిచ్చిన కాయితంలో ఉత్త పేర్లే ఉండాయమ్మా. దాతలకి శ్రీ లేకుంటే మర్యాదగా ఉంటాదా? మన బళ్లకంతా అట్లే చెక్కినా."

"దాతలని ఎవురు చెప్పినారు?"

"బడి రాయి మింద ఇంకెవురి పేర్లుంటాయి?"

ఆమె ఒక పేరు మీద వేలు పెట్టింది.

"బడి కూలినప్పుడు లోపలుండిన బిడ్డలప్పా. నువ్వు శ్రీమతి అని పెట్టిన ఈ హంసకి ఎనిమిదేండ్లు."

చెక్కినాయన ఉలి కింద పెట్టేశాడు.

"తప్పైపోయిందమ్మా. ఇంగ శ్రీ ఒకటే తియ్యాలన్నా రాయంతా అరగదియ్యాల. పేర్లు గూడా పొడైపోతాయి. మళ్లా చెక్కిస్తా."

ఆమె హంస పేరు మీది రాతిపొడిని కొంగుతో తుడిచింది.

"వొద్దప్పా. ఒకతూరి పొడైంది సాలు. పెద్దోళ్లయినట్టే ఉండనీ."