డౌటుంటే బౌటు లేదు

బాక్సింగు నేర్పే హాలు, మధ్యాహ్నం. రింగు పక్కన బల్ల మీద కోచ్, ఎదురుగా అతని అన్న కూతురు. అతని ఒళ్ళో చేతులకు చుట్టే పొడవాటి గుడ్డ పట్టీలు, పక్కన, ఎవరికి ఏ దెబ్బ తగిలిందో రాసిపెట్టే దెబ్బల పుస్తకం.

"...మూడు మాటలు చెప్తాను, బాగా గుర్తుపెట్టుకో. తాళం, గొడుగు, నిమ్మకాయ. కట్లు కట్టడం అయ్యాక అడుగుతాను."

"ఇప్పుడీ పరీక్షలెందుకు బాబాయ్?"

"ఎందుకా? ఈ దెబ్బల పుస్తకంలో రాత ఎవరిది?"

"నాదే."

"అయితే విను. 'సోమవారం. ఎడమ కణత మీద గుద్దు. హెడ్‌గార్డ్ లేదు. కింద పడి, ఒక నిమిషం పలకలేదు.' పేర్ల గళ్ళు మాత్రం ఖాళీ! రాత నీదైతే ఈ తలరాత ఎవరిదే?"

"ముందు కట్టు కట్టు బాబాయ్."

"గుద్దు తిన్నవాళ్ళు గుట్టు దాస్తే గుండు పగులుద్దని ఎన్నిసార్లు చెప్పాను? ఎడమ చెయ్యి పెట్టు. వేళ్ళు చాపు. నేను కట్టు కడతాను, నువ్వు కట్టుకథలు చెప్పకు. నొప్పి ఉందా?"

"నాకా?"

"కాదు, ఆ వేలాడే సంచికి! రోజూ గుద్దులు తినేది అదే కదా!"

"నాకేం లేదు. నువ్వు... మంచినీళ్ళు తాగావా బాబాయ్?"

"మాట మార్చకు. వాంతి అయిందా?"

"అయింది. ఒకసారి. సోమవారం సాయంత్రం."

"ఓరి దేవుడో! రెండ్రోజుల్నించీ దాచావా? మీ పిన్నితోనైనా అనలేదేం?"

"చెప్పొద్దని ఒట్టు."

"ఎవరు వేయించుకున్నారు ఒట్టు?"

"పెద్దవాళ్ళు."

"ఎవడా పెద్దమనిషి? ఒట్టు తీసి గట్టున పెట్టు! కొట్టిందెవరు?"

"కావాలని కొట్టలేదు బాబాయ్."

"కావాలని కొడితే కసి, కాకపోతే కసరత్తు. ఏదైనా కణత కణతే! ఆ కిటికీ వేసెయ్, వెలుతురు సూదుల్లా గుచ్చుకుంటోంది నీ కళ్ళకి."

"నా కళ్ళకేం కాలేదు."

"వెయ్యమన్నానా! ...హమ్మయ్య. ఇప్పుడు హాయిగా లేదూ?"

"హాయిగా ఉందా?"

"అడిగేది నేను. ఎడమ చెయ్యి ఇవ్వు."

"ఎడమది కట్టేశావు."

"ఆఁ... కట్టేశాను. నువ్వు చూస్తున్నావో లేదోనని అడిగా. కుడిది ఇవ్వు."

"బాబాయ్, సోమవారం నువ్వెక్కడున్నావు?"

"నేనా? ఇక్కడే... కాదు. ఇక్కడుంటే నాకు తెలీకపోవడమేంటి? నీళ్ళ మోటారు బాగుచేయించడానికి వెళ్ళుంటాను."

"వెళ్ళుంటానేంటి? గుర్తులేదా?"

"పరీక్ష నీకా, నాకా? అదిగో, గోడ మీద నేనేం రాశాను? చదువు!"

"డౌటుంటే బౌటు లేదు."

"దాని కింద?"

"హెడ్‌గార్డ్ లేకుండా రింగులో కాలు పెట్టకూడదు."

"ఎవరైనా?"

"ఎవరైనా... ఎవరైనా సరేనా బాబాయ్?"

"ఎవరైనా సరే! ఆ రూలు రాసినవాడైనా సరే! 'ఒక్క రౌండేగా', 'మనవాళ్ళేగా' అనుకున్నప్పుడే తగులుతుంది. సరే, ఇప్పుడు చెప్పు, ఆ మూడు మాటలు."

"తాళం, గొడుగు, నిమ్మకాయ."

"నిమ్మకాయా? బత్తాయి కదే నేను చెప్పింది!"

"నిమ్మకాయ బాబాయ్."

"బత్తాయి! అయిపోయింది, తేలిపోయింది. రెండొప్పు, ఒకటి తప్పు. రేపటి పోటీలో నీ బౌటు రద్దు. మానని తల మీద ఇంకో గుద్దు పడితే మనిషే దక్కడు, తెలుసా?"

"తెలుసు. అందుకే ఇవాళ నా గుద్దులు కాయడానికి నువ్వు ప్యాడ్లు పట్టుకోవద్దంటున్నా. నేను కొట్టను. ఎంత చెప్పినా కొట్టను."

"ఓసి పిచ్చుకా, ఏడుస్తున్నావా? ఏడాది కష్టం పోయిందనా? తలరాత మారాలంటే ముందు తలంటూ ఉండాలమ్మా. పద, ఆస్పత్రికి. నేను తీసుకెళ్తా."

"డాక్టరు గదిలోకి నువ్వూ వస్తావా?"

"వస్తాను."

"తల స్కాన్ తీయించుకోవాలంటే?"

"నా తల తాకట్టు పెట్టయినా తీయిస్తా!"

"మధ్యలో లేచి వచ్చేయకూడదు. ఒట్టు?"

"ఒట్టు. ఇది గట్టున పెట్టే ఒట్టు కాదు. చాలా?"

"చాలు. ఆ పుస్తకం, పెన్ను ఇలా ఇవ్వు. ఖాళీ గళ్ళు నింపుతాను."

"ఇప్పటికైనా బుద్ధొచ్చింది. సోమవారమే రాయాల్సింది కదే?"

"చెయ్యాడలేదు బాబాయ్."

"గుద్దడానికి ఆడుతుంది గానీ, రాయడానికి ఆడదా! ఇంక ఆలోచించకు, రాసెయ్. ...అయిందా? ఏదీ, ఇలా తే. 'కొట్టినవారు'... నీ పేరు. ఇదేంటే, గళ్ళు తారుమారు చేశావు?"

"చెయ్యలేదు. పక్క గడి కూడా చదువు."

"'దెబ్బ తిన్నవారు'..."

"పైకి చదువు బాబాయ్."

"...ఇది నా పేరు కదే!"